నాన్నమ్మ నింపిన డబ్బా

పందులు పెంచే మాలాంటివాళ్ళు ఆసుపత్రికి వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు. జబ్బేమిటని తర్వాత అడుగుతారు, ముందు ఇంట్లో పందులున్నాయా అని అడుగుతారు. ఉన్నాయంటే చాలు, పసుపుపచ్చ గౌను, మాస్కు, చేతులకు తొడుగులు, విడిగా ఓ గది. పందుల కొట్టాల్లో పెరిగే మొండి క్రిమి ఒకటుంది. అది మా ముక్కుల్లోనూ ఒంటిమీదా కాపురం పెడుతుంది. మమ్మల్నేమీ చెయ్యదు. ఒంట్లో సత్తువ లేని రోగికి అంటుకుంటే మాత్రం ఓ పట్టాన మందులకు లొంగదు. నిజమే, కాదనను. అయినా మనల్ని చూసి నర్సు పిల్ల వెనక్కి జరిగితే ఒళ్ళు మండుతుందా మండదా? నాకసలే ముక్కుమీద కోపం. ఆ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళమీదా ఎగిరి పడేవాణ్ణి. నా కూతురు నీన్కెకు జబ్బు చేశాక ఆ కోపం ఎటు పోయిందో తెలీదు. వాళ్ళు గౌను తెచ్చేలోపే చేతులు చాపి నిలబడేవాణ్ణి.

నీన్కెకు పదహారేళ్ళు. రక్తం కేన్సర్. ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. ఇక ఎముకల్లోని మూలుగ మార్చడం తప్ప దారి లేదన్నారు. దాని అన్న యోరిస్ మూలుగ సరిపోయింది. వాడు నాతోపాటు కొట్టంలోనే పనిచేస్తాడు కాబట్టి ముందు వాణ్ణి మందు సబ్బుతో తోమించి, ముక్కులో మందు రాయించి, ఆ క్రిమి ఆనవాలు లేదని తేల్చుకున్నాకే మూలుగ తీశారు. అది దీనికి ఎక్కింది, పట్టింది కూడా. కేన్సర్ కనపడటం లేదన్నరోజు మా ఆవిడ ఎల్స్ నర్సులందరికీ ఆపిల్ కేకు పంచింది. ఆ కేకు అరగకముందే నీన్కెకు విరేచనాలు మొదలయ్యాయి.

మామూలు విరేచనాలు కావు. నీళ్ళు, ఆ తర్వాత రక్తం. గ్లాసుడు నీళ్ళు తాగినా కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. ఒక మందు ఇచ్చారు, దానికంటే పెద్ద మందు ఇచ్చారు, ఏదీ పనిచెయ్యలేదు. దుప్పటి కింద పిల్ల ఉన్నట్టే కనిపించేది కాదు. నేను పొద్దున్న గదిలోకి అడుగుపెట్టేముందు తలుపు అద్దంలోంచి దాని ఛాతీ కదులుతోందో లేదో చూసుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి.

డాక్టర్ వెర్హాగెన్ అని ఒకావిడ చూసేది. సన్నగా, గట్టిగా ఉంటుంది, మాటలు పొదుపు. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో రోగాలతో పోరాడే కణాల్లో చాలా భాగం పేగుల చుట్టూనే ఉంటాయట. పేగుల్లో కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి కదా, ఈ కణాలు వాటి మధ్యే పెరిగి, ఎవరి జోలికి పోకూడదో ఎవరిని చంపాలో నేర్చుకుంటాయట. నేర్చుకున్నది గుర్తుపెట్టుకుంటాయట. నీన్కెకున్న పాత జ్ఞాపకాన్ని కేన్సర్ మందులు తుడిచేశాయి. చిన్నప్పుడు వేయించిన టీకాలు కూడా ఒంటికి గుర్తులేవు, బతికి బట్టకడితే పసిపిల్లకు వేసినట్టు అన్నీ మళ్ళీ వేయించాలి. ఇప్పుడు ఒంట్లో తిరుగుతున్నవి యోరిస్ మూలుగలోంచి వచ్చిన కణాలు. వాటికి ఈ ఇల్లు కొత్త. నేర్పాల్సిన బ్యాక్టీరియా చూస్తే యాంటీబయాటిక్స్ దెబ్బకి ఊడ్చుకుపోయాయి. అందుకని అవి నీన్కె పేగునే శత్రువనుకుని కొరుక్కుతింటున్నాయి.

"అంటే కొత్త కాపలా కుక్కకి ఇంట్లోవాళ్ళని ఎవరూ చూపించలేదన్నమాట" అన్నాను. దాదాపు అంతే అంది ఆవిడ.

దానికి ఆవిడ దగ్గర ఒక్క ఉపాయం మిగిలింది. కేన్సర్ మందులు మొదలుపెట్టకముందే, ముందు జాగ్రత్తగా, నీన్కె మలం ఒక డబ్బాలో పట్టించి తీసుకున్నారు. దాన్ని వడగట్టి గడ్డకట్టించి దాచారు. దాని సొంత బ్యాక్టీరియా అందులో భద్రంగా ఉన్నాయి. కరిగించి, ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, వాటిని మళ్ళీ దాని పేగుల్లోకి వదులుతారు. పాత కాపురస్తులు తిరిగొస్తే ఈ కొత్త కణాలు బుద్ధి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోకపోతే? అని ఎల్స్ అడిగింది. డాక్టరమ్మ తన చేతుల వంక చూసుకుంది.

ఆ పని చేసే రోజు మేమందరం పొద్దున్నే వెళ్ళాం. మా అమ్మ ద్రీకా కూడా వచ్చింది. ఆవిడకు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, నోరు మాత్రం ఆగదు. భయమేస్తే ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. పసుపు గౌన్లు తొడుక్కుని మేము నలుగురం వరండాలో కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనాల తర్వాత గొట్టం వేస్తామన్నారు. ఎల్స్ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడను చూస్తోంది. యోరిస్ బూట్ల వంక చూస్తున్నాడు. ఎవరూ మాట్లాడకపోతే అమ్మకు తోచదు కదా, ఆ డబ్బా సంగతి ఎత్తుకుంది. తన చేత్తో నింపిన డబ్బాయే మనవరాలి ప్రాణం నిలబెట్టబోతోందని ఆవిడ సంబరం.

అప్పట్లో నీన్కెకు ఆ ప్లాస్టిక్ డబ్బా చూస్తేనే సిగ్గు, అసహ్యం. ముట్టుకోనంది. అప్పుడు అమ్మే అడ్డుపడి, మా పాత వాటాలో ఉన్న మరుగుదొడ్లోకి వెళ్ళమంది. పాతకాలపు మరుగుదొడ్లలో గిన్నె లోపల అరుగు ఉంటుంది కదా, పడ్డది నీళ్ళలోకి పోకుండా దానిమీదే ఉంటుంది, చూసుకుని మరీ నీళ్ళు వదులుతాం. నువ్వు వెళ్ళొచ్చి నాకో కేక వెయ్యి, మిగతాది నేను చూసుకుంటా, ఆ అరుగు ఉన్నది ఎందుకు మరి అని ఆవిడ అందట. ఇదంతా మాకు కొత్త. డబ్బా నిండింది, ఆసుపత్రి మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు, అంతవరకే తెలుసు మాకు.

"సరిగ్గా అప్పుడే ఆ మచ్చల పంది ఈనలేక కొట్టం ఎగిరిపోయేలా అరుస్తోంది" అంది అమ్మ, నా వైపు వేలు చూపిస్తూ. "వీడేమో నేలిస్, దానికంటే పైగా అరుస్తున్నాడు, రండిరా రండిరా అని. నేను మాత్రం గరిటె పట్టుకుని దొడ్లోకి నడిచాను. పంది పోతే పోయింది, నా పిల్ల ముఖ్యం అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది. ఎల్స్ పెదాలు కూడా కదిలాయి. అప్పుడు యోరిస్ తలెత్తాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు కేక వేసినప్పుడు నేను ఆ దొడ్లోనే ఉన్నాను, నాన్నా" అన్నాడు. "నీళ్ళు వదలకుండానే పరిగెత్తుకొచ్చాను."

నాకు వెంటనే ఎక్కలేదు. వాడే మెల్లగా చెప్పాడు. తను లోపలికి వెళ్ళేసరికి అరుగు మీద ఏదో ఉందట. ఎవరో మర్చిపోయారనుకుని తిట్టుకుంటూ నీళ్ళు వదిలాడట. చెల్లెలు డబ్బాలోనే పట్టుకుంటుందనుకున్నాడు కానీ ఈ అరుగు ఏర్పాటు సంగతి వాడికేం తెలుసు? తర్వాత తన పని తను కానిచ్చాడు. అంతలో నా కేక. నీన్కె వేసిన కేక చెవిటి అమ్మకు వినపడలేదు. నా కేక వినపడింది. అప్పటికి ఆవిడకు నీన్కె గుర్తొచ్చి గరిటె పట్టుకుని బయల్దేరింది.

అమ్మకు అర్థం కాలేదు, ఏమిట్రా ఏమిట్రా అంటోంది. నేను ఆవిడ మీద అరిచాను. ఏమని అరిచానో ఇప్పుడు రాయలేను. ఆవిడ నోరు తెరిచి, మూసి, చేతులు మాస్కు మీద పెట్టుకుని గోడకు ఒరిగిపోయింది. ఆవిడ నోరు అలా పడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

గడ్డకట్టించి దాచింది, కాసేపట్లో నీన్కె కడుపులోకి పోయబోయేది, యోరిస్‌ది. అది కూడా మూలుగ కోసం వాణ్ణి శుభ్రం చెయ్యకముందటిది. పొద్దున్న లేస్తే పందుల మధ్య తిరిగే పిల్లాడి కడుపులోంచి వచ్చింది.

ఎల్స్ నా చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. చెప్పకు అంది. చెప్తే పారేస్తారు, పారేస్తే ఇక దాని దగ్గర ఏముంది, ఆ డాక్టర్ చేతులు చూసుకోవడం నువ్వు చూడలేదా అంది. యోరిస్ ఆరోగ్యంగానే ఉన్నాడుగా, వాడి మూలుగ పనికొచ్చింది, ఇది పనికిరాదా అంది. అన్న కడుపులోది చెల్లెలికి ఏం చేస్తుంది అంది. ఆమె మాట్లాడుతుంటే నాకు అవన్నీ సబబుగానే తోచాయి. నా బుర్ర అలా తోచాలనే కోరుకుంది. మా కొట్టంలో మొండి క్రిమి ఉందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఇవ్వాళ ఆ గొట్టం వెయ్యకపోతే అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఇంకేం కనపడలేదు. ఇస్తే ఏమవుతుందో తెలీదు. ఇవ్వకపోతే ఏమవుతుందో రోజూ కళ్ళతో చూస్తున్నాం.

"సరే, చెప్పొద్దు" అన్నాను.

వెనక్కి వచ్చి చూస్తే అమ్మ ఒక్కతే ఉంది. యోరిస్ కుర్చీ ఖాళీగా ఉంది. వాడు డాక్టర్ గది తలుపు దగ్గర నిలబడి, గౌను మెడ దగ్గర నలుపుకుంటూ, తల వంచుకుని ఆవిడకు ఏదో చెప్తున్నాడు. ఆవిడ వింటూ వింటూ ఫోన్ తీసింది.

ఎల్స్ పరుగెత్తింది. అప్పటికి అయిపోయింది. ఆమె కొడుకు ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండా, ఒక్కొక్క మాటా విడిగా అంది. "నీ చెల్లెలికి ఏమైనా అయితే నా ఇంటి గడప తొక్కకు."

ఆ మాట విన్నాక కూడా నేను నోరు మెదపలేదు.

డాక్టర్ వెర్హాగెన్ అన్నీ ఆపించింది. ఎవరినీ తిట్టలేదు. ఎవరిది వాళ్ళకే తిరిగి ఎక్కించేటప్పుడు బయటివాళ్ళది తీసుకున్నంత గట్టిగా పరీక్షలు చెయ్యరట. పైగా నీన్కె జబ్బుపడ్డప్పటినుంచీ కొట్టం వైపే వెళ్ళలేదు, దాని ఒంటిమీద ఆ క్రిమి లేదని చూశారు. అందుకని డబ్బాలో దాని కోసం వెతకలేదు. ఇప్పుడు వెతకాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులు నీన్కె దగ్గర ఉన్నాయా అని నేను అడిగాను. ఉన్నాయనే అనుకుంటున్నాను అంది. వైద్యులు అనుకుంటున్నాను అన్నారంటే నాకు గుండె జారిపోతుంది.

మా దేశంలో పదహారు నిండితే ఒంటి విషయంలో మాట పిల్లదే. అందుకని ఆవిడ నేరుగా లోపలికి వెళ్ళి నీన్కెకు ఉన్నదంతా చెప్పేసింది. మేం తలుపు దగ్గర నిలబడ్డాం. నీన్కె కళ్ళు మూసుకుని వింది. అరుగు, గరిటె, మచ్చల పంది వచ్చేసరికి దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వితే కడుపు నొప్పి, అయినా ఆపుకోలేకపోతోంది.

"అన్నది నాకు పోసేవాళ్ళా?" అంది. "ఛీ, చచ్చినా వద్దు." ఆ తర్వాత నాన్నమ్మను తిట్టొద్దని చెప్పమంది.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పడం నా వల్ల కాదు. పిల్ల గదిలో విరేచనాల గిన్నె మార్చిన ప్రతిసారీ రంగు చూసేవాళ్ళం. ఒకరోజు అందులో రక్తం తప్ప మరేం లేదు. ఎల్స్ నాతో మాట్లాడేది, యోరిస్‌తో మాట్లాడేది కాదు. వాడు కొట్టం పని చూసుకుని, ఒళ్ళు తోముకుని, వచ్చి వరండాలో దూరంగా కూర్చునేవాడు. తినమంటే తినేవాడు కాదు.

ఎల్స్ ఒక ఆశ పట్టుకుంది. అది డాక్టరమ్మ నోట్లోంచి వచ్చిందే. మూలుగతోపాటు యోరిస్ పాత కణాలు కూడా కొన్ని వచ్చే ఉంటాయి, వాటి జ్ఞాపకం వాడి పేగుల్లోనే తయారైంది, కాబట్టి వాడి బ్యాక్టీరియాను అవి గుర్తుపట్టినా పట్టొచ్చు, మేలు జరిగినా జరగొచ్చు, నాకు తెలీదు అని ఆవిడ ఒకసారి అంది. ఎల్స్‌కు చివరి మాట వినపడలేదు. అత్తయ్య పొరపాటు చెయ్యలేదు, దేవుడే చేయించాడు అనడం మొదలుపెట్టింది. పొద్దున్న లేచి అదే మాట, పడుకోబోతూ అదే మాట. ఆమె అంటుంటే నేనూ నమ్మాను. పరీక్షలో ఏం లేదని తేలాలని, తేలిన వెంటనే పోసెయ్యాలని ఇద్దరం కాచుక్కూర్చున్నాం.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. తలుపు వేసినప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ డబ్బాలో మొండి క్రిమి ఉంది. కొద్దిగా కాదు.

పోసి ఉంటే ఏమయ్యేది అని నేనే అడిగాను, అడక్కుండా ఉండలేక. నీన్కె పేగు నిండా పుళ్ళే, క్రిమి తిన్నగా రక్తంలోకి పోయేది, ఆపడానికి ఒంట్లో ఎవరూ లేరు, మా మందులు కొన్ని దానిమీద పనిచెయ్యవు అంది. అంతకంటే చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

ఎల్స్ లేచి వరండాలో ఉన్న సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. కడుగుతూనే ఉంది. నేను వెళ్ళి కుళాయి కట్టేస్తే మళ్ళీ తిప్పింది.

ఇక మిగిలింది ఊరూ పేరూ తెలియని మనిషిది. ఎక్కడో ఎవరో ఆరోగ్యవంతులు ఇచ్చి, అన్ని పరీక్షలూ దాటిన సరుకు ఒకటి ఉంది, కానీ నీన్కె ఒంటికి అది పూర్తిగా పరాయిది. ఈ కణాలు దాన్ని ఎలా తీసుకుంటాయో చెప్పలేం అన్నారు. నీన్కె మంచం దగ్గర నిలబడి, పొయ్యమంటారా అని మా వైపు కూడా చూశారు. ఎల్స్‌కు ఊ అనడానికీ భయమే, ఊహూ అనడానికీ భయమే. నా వైపు చూసింది. నాకు మాత్రం ధైర్యం ఎక్కడిది, ఒకసారి సరే అని చూశాను కదా.

నీన్కె మంచం మీంచి చెయ్యి కొంచెం ఎత్తింది. "మీరిద్దరూ బయటికెళ్ళండి. నాకు పదహారు. పొయ్యమని నేను చెప్తున్నా" అంది.

గొట్టం వేశారు. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాం. ఎల్స్ ప్రార్థన కూడా మర్చిపోయి, పిల్ల పాదం పట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఇంకోసారి పోశారు. వారం తిరిగేసరికి గిన్నెలో ఎరుపు తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు బ్రెడ్డు మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని తినాలనుంది అని అడిగింది. సగం ముక్క తింది. అది కడుపులో నిలిచింది. నిలుస్తుందా లేదా అని మేం కదలకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాం. మీకేం పనిలేదా అని కసిరింది.

ఆ రోజు ఇంటికొచ్చి వాకిట్లో కారు ఆపగానే ఎల్స్ దిగి, తిన్నగా పందుల కొట్టం వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా అక్కడికి ఎవరూ వెళ్ళకూడదు, ఆమెకు తెలుసు. తలుపు బయటే నిలబడి యోరిస్ అని పిలిచింది. వాడు పెద్ద బూట్లతో, చేతులకు అంటిన మేతతో బయటికొచ్చాడు. ఆమెను చూసి ఆగాడు.

"నువ్వు కూడా ఆ రోజు మాలాగే దాచేసి ఉంటే, దాన్ని నేనే చంపుకునేదాన్ని రా" అంది ఎల్స్. మాట పూర్తి కాకుండానే ఏడుపు ముంచుకొచ్చింది. చేతులు చాపి వాడి వైపు అడుగేసింది.

వాడు గబగబా వెనక్కి జరిగాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు.

"దగ్గరికి రాకమ్మా" అన్నాడు. "నా ఒళ్ళంతా పందులే. రేపు మళ్ళీ నువ్వు దాని గదిలోకి వెళ్ళాలి."